డికెన్స్‌కి పదానికింత అని ఇచ్చేవారా? బ్లీక్ హౌస్ పొడుగు వెనక అసలు లెక్క

కాగితప్పులి

డికెన్స్ నవల బ్లీక్ హౌస్ చదవబోతున్నాను. 67 అధ్యాయాలు, కొండవీటి చేంతాడే. ఎవరిని కదిపినా ఒకటే మాట: "చార్లెస్ డికెన్స్‌కి పదానికింత అని లెక్కగట్టి ఇచ్చేవాళ్లు, అందుకే అంత సాగదీశాడు" అని. ఇది నిజమేనా? ఈ నవల మొదట నెలకో భాగంగా వచ్చిందట, ఆ భాగాలు ఎలా ఉండేవి? ఆనాటి పాఠకులు చదివినట్టు చదవాలంటే ఏ అధ్యాయం దగ్గర ఆపాలి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

ఫారం16

పదానికింత అన్నది తప్పండీ. ఎన్ని మాటలు రాసినా డబ్బు పెరిగేది కాదు. పేజీలు మించితే మాత్రం రాసిందాంట్లో కోసెయ్యాల్సి వచ్చేది.

ఒక నెల భాగం అంటే 32 పేజీల కథ. పదహారేసి పేజీల ఫారాలు రెండు. ముందు రెండు ఉక్కు పలక బొమ్మలు, పైన నీలం కలిసిన ఆకుపచ్చ కాగితపు అట్ట, అటూ ఇటూ ప్రకటనల కాగితాలు. వెల ఒక షిల్లింగు. 32 పేజీలు అంటే సుమారు 18,000 మాటలు. తేదీ ఒకటో తారీఖుదే వేసినా ముందు నెల ఆఖరి రోజునే బయటికొచ్చేది. లండన్‌లో పేటర్‌నాస్టర్ రో వీధికి పుస్తకాల దుకాణాల మనుషులు వచ్చి కట్టలు కట్టలుగా మోసుకుపోయేవారు. ఆ రోజుకి 'మ్యాగజీన్ డే' అనే పేరు.

మొత్తం 20 భాగాలు, కానీ 19 నెలలే. చివరి రెండూ కలిపి ఒకే సంచికగా, రెండు షిల్లింగులకు. అందులో కథ 48 పేజీలు. మిగిలినదాంట్లో ముఖపత్రం, అంకితం, ముందుమాట, విషయసూచిక. ఎందుకంటే కొన్నవాళ్లు 19 సంచికలూ తీసుకెళ్లి బైండు చేయించుకుంటారు, అది నిండు పుస్తకం అవ్వాలి. లెక్క చూడండి: 18 సార్లు 32 అంటే 576, దానికి 48 కలిపితే 624. బ్లీక్ హౌస్ తొలి ముద్రణ సరిగ్గా 624 పేజీలు. డేవిడ్ కాపర్‌ఫీల్డూ అంతే. కథ ఎంత కావాలంటే అంత సాగింది కాదు, పెట్టె కొలత ముందే ఖాయం.

పాఠకుడికి లాభం ఏమిటంటే, అప్పట్లో కొత్త నవల మూడు సంపుటాలుగా 31 షిల్లింగుల 6 పెన్నీలకు వచ్చేది. సామాన్యుడు కొనలేడు, అద్దె గ్రంథాలయమే గతి. ఈ పద్ధతిలో 20 షిల్లింగులకే నవల, అదీ నెలకో షిల్లింగు చొప్పున, 40 బొమ్మలతో సహా.

సందేహాల సుబ్బి

ఒక్క నిమిషం. ఆయన తొలి నవల పిక్విక్ పేపర్స్‌కి ప్రచురణకర్తలు చాప్‌మన్ అండ్ హాల్ వాళ్లు ఫారానికి 9 గినీలు అని మాట్లాడుకున్నారు కదా? అది కొలిచి ఇచ్చినట్టు కాదా? పదానికి కాకపోతే పేజీకి. పెద్ద తేడా ఏముంది?

ఫారం16

సుబ్బిగారూ, మంచి పాయింటే. 1836లో ఒప్పందం అదే, 16 పేజీల ఫారానికి 9 గినీలు. మొదట్లో భాగం 24 పేజీలు, అంటే ఫారమున్నర. 13.5 గినీలు. గినీకి 21 షిల్లింగులు కాబట్టి 14 పౌండ్ల 3 షిల్లింగుల 6 పెన్నీలు. ఆ నెలకి పద్నాలుగు పౌండ్లు నమ్ముకునే ఏప్రిల్ 2న కేథరిన్ హోగార్త్‌ను పెళ్లి చేసుకున్నాడు. కానీ ఎన్ని ఫారాలో నిర్ణయించేది ప్రచురణకర్త. 25వ పేజీ రాసినా పైసా రాదు.

తరవాత ఆ లెక్క కూడా పోయింది. నికొలస్ నికల్‌బీకి భాగానికి 150 పౌండ్లు, మార్టిన్ చజిల్‌విట్‌కి నెలకి 200. బ్రాడ్‌బరీ అండ్ ఎవాన్స్ అనే ప్రచురణకర్తల దగ్గరికి మారాక డాంబీ అండ్ సన్ నవల నుంచి లాభంలో వాటా, నాలుగింట మూడు వంతులు ఆయనవి. అంటే బ్లీక్ హౌస్ నాటికి డబ్బు వచ్చేది అమ్మిన ప్రతులను బట్టి. విసుగెత్తి జనం వచ్చే నెల షిల్లింగు మానేస్తే నష్టం ఆయనకే. సాగదీయడం ఆయన జేబుకే చిల్లు.

అనసూయ_బి

పిక్విక్ సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఆ 32 పేజీల అచ్చు ఎవరూ కూర్చుని ఆలోచించి చేసింది కాదు. ఒక చావు వల్ల వచ్చింది.

మొదట అది బొమ్మల పుస్తకం. రాబర్ట్ సీమర్ అనే పేరున్న చిత్రకారుడు నెలకి నాలుగు బొమ్మలు వేస్తాడు, వాటి చుట్టూ ఎవరో ఒకరు 24 పేజీలు నింపాలి. 24 ఏళ్ల పత్రికా విలేకరి డికెన్స్‌ని పెట్టుకున్నది ఆ నింపుడు పనికే. ఆయనేమో మొదటి రోజు నుంచే కథ ముందు, బొమ్మ తరవాత అని పట్టుబట్టాడు. 1836 ఏప్రిల్ 20న సీమర్ తుపాకీతో కాల్చుకుని చనిపోయాడు. రెండో భాగం మూడు బొమ్మలతోనే వచ్చింది. మూడో భాగానికి రాబర్ట్ బస్ రెండు బొమ్మలు చేశాడు కానీ ఉక్కు పలక మీద చెయ్యి తిరగలేదు, ఆయన్ని తీసేశారు. అప్పుడొచ్చాడు హాబ్లట్ బ్రౌన్, 'ఫిజ్' అనే పేరుతో. ఆ తరవాత 23 ఏళ్లు ఆయనే. నాలుగు బొమ్మలు కాస్తా రెండయ్యాయి, 24 పేజీలు 32 అయ్యాయి. చిత్రకారుడి చేతిలోంచి కథకుడి చేతికి పుస్తకం మారింది అక్కడే.

తొలి భాగం 1,000 ప్రతులే వేశారు. నాలుగో భాగంలో శామ్ వెల్లర్ అనే పాత్ర అడుగుపెట్టాక ఊపందుకుంది, చివరికి 40,000.

ఒక్క నెల మాత్రం రాలేదు. 1837 మే 7న మరదలు మేరీ హోగార్త్ 17 ఏళ్లకే పోయింది. జూన్ సంచిక ఆగిపోయింది. 1836 ఏప్రిల్ నుంచి 1837 నవంబరు దాకా లెక్కపెట్టి, 20 నెలలు ఉన్నాయి 19 సంచికలేమిటి అని తికమకపడేవాళ్లకి జవాబు ఇదే.

సశేషం

మన వారపత్రికల సీరియల్ లాంటిదే అనుకుంటారు చాలామంది. ఒక పెద్ద తేడా ఉంది. వారపత్రికలో సీరియల్ పక్కన ఇంకో పది శీర్షికలుంటాయి. నెల భాగంలో ఈ కథ ఒక్కటే. జనం కొనేది దీని కోసమే. పేజీలు తక్కువైతే పూడ్చడానికి జోకూ ఉండదు, వంటల శీర్షికా ఉండదు.

అందుకే ఎక్కువ తక్కువల బాధ ఎప్పుడూ ఉండేది. ఆయన దస్తూరీలో సుమారు 30 కాగితాలు రాస్తే 32 అచ్చు పేజీలు వచ్చేవి. బాతు ఈక కలంతో, ఒక పక్కే, కొట్టివేతల మీద కొట్టివేతలు. అంచనా తప్పితే ప్రూఫులొచ్చాకే తెలిసేది. డాంబీ మొదటి భాగం పేజీలు మించిపోయి వాక్యాలకు వాక్యాలు కోసేశారు. అదే నవల రాస్తూ పారిస్‌లో ఉండగా 1847 ఫిబ్రవరిలో ఒక భాగం రెండు పేజీలు తక్కువైందని కబురొస్తే, లండన్ వచ్చి రాసి నింపాడు.

అన్నిటికన్నా ఘోరం చివరి నవల ఎడ్విన్ డ్రూడ్‌ది. మొదటి రెండు భాగాలూ అయిపోయాయనుకున్నాక, రెండూ కలిపి 12 పేజీలు తక్కువ అని ముద్రాపకులు చెప్పారు. 35 ఏళ్ల అనుభవం ఉన్నవాడికి! రెండో భాగంలోంచి ఒక అధ్యాయం లాగి మొదటిదాంట్లో పెట్టి, రెండోది మళ్లీ కట్టుకోవాల్సి వచ్చింది.

కాగితప్పులి

మరి ముందే ప్లాన్ వేసుకునేవాడు కాదా? 19 నెలల కథ అంతా తలలో ఎలా పెట్టుకున్నాడు?

అనసూయ_బి

డాంబీ దగ్గర్నుంచి పద్ధతి ఏర్పడింది. ప్రతి భాగానికీ ఒక కాగితం, అడ్డంగా తిప్పి మధ్యకి రెండు భాగాలు చేసేవాడు. ఎడమ పక్క తనని తాను అడుగుకునే ప్రశ్నలు: ఫలానా పాత్ర ఈ నెల రావాలా? వద్దా? ఈ రహస్యం బయటపెట్టాలా? కింద జవాబు: అవును, కాదు, ఇంకా వద్దు, వచ్చే నెల. కుడి పక్క భాగం సంఖ్య, అధ్యాయాల పేర్లు, ఒక్కోదాంట్లో ఏముంటుందో రెండు మూడు ముక్కలు. బ్లీక్ హౌస్ 15వ భాగం కాగితంలో వీధులూడ్చే కుర్రాడు జో పేరు దగ్గర, అవును, చంపెయ్ అన్న అర్థంలో రాసి ఉంది. అంత పొడిగా. ఆ ముక్క చదివి, ఆ తరవాత 47వ అధ్యాయం చదివితే ఆశ్చర్యం వేస్తుంది.

ఇందులో ఏ పాత్రని ఎన్ని నెలలుగా చూపించలేదో కూడా కనిపిస్తుంది. నెల విరామంలో పాఠకుడు పాత్రల్ని మర్చిపోతాడు. అందుకే ప్రతి ఒక్కరికీ ఒక గుర్తు, ఊతపదమో, చేతి విసురో, తలపాగా లాంటి టోపీయో. ఒక్క బిగిన చదివేవాళ్లకి ఇవే చాదస్తంగా అనిపిస్తాయి. సాగదీశాడన్న పేరు సగం ఇక్కడే వచ్చింది.

గోరింటాకు

బొమ్మల వైపు నుంచి చూస్తే ఇంకో తలనొప్పి. ఉక్కు పలక చెక్కడానికి రోజులు పడుతుంది కాబట్టి, భాగం రాయడం పూర్తికాకముందే ఏ సన్నివేశాలు వేయాలో ఫిజ్‌కి చెప్పాలి. కథ రాస్తుండగా మారిపోయేది. డాంబీలో మిసెస్ పిప్‌చిన్ దగ్గర కూర్చున్న పాల్ బొమ్మ చూసి డికెన్స్ మండిపడ్డాడు. కథలో కుర్రాడు పొయ్యి పక్కన చిన్న కుర్చీలో ఉంటే, బొమ్మలో ఎత్తు కుర్చీ ఎక్కించారు.

పలకలు అరిగిపోతాయి కూడా. వేలల్లో అచ్చు పడేసరికి గీతలు చెదురుతాయి. అందుకని ఒకే బొమ్మని రెండో పలక మీద మళ్లీ చెక్కేవారు. పాత ప్రతులు రెండు పక్కన పెట్టి చూస్తే చెట్టు కొమ్మో, కుక్క తోకో తేడాగా కనిపించేది అందుకే.

పచ్చ అట్ట మీది బొమ్మ మరీ విచిత్రం. 19 నెలలూ ఒకటే అట్ట. మొదటి భాగానికే సిద్ధం కావాలి, అప్పటికి కథ సగం రచయితకే తెలియదు. కాబట్టి అన్నీ చెప్పీ చెప్పనట్టు వేసేవారు. బ్లీక్ హౌస్ అట్ట పైభాగంలో కోర్టు పెద్దలు కళ్లకు గంతలు కట్టుకుని జనాన్ని తడుముతూ పట్టుకునే ఆట ఆడుతుంటారు. నవలంతా ఆ ఒక్క బొమ్మలోనే ఉంది. ఆ నవలలోనే పది 'చీకటి పలకలు' ఉన్నాయి. గీతలు గీసే యంత్రంతో పలకంతా బూడిద రంగు పరిచి, దాని మీద చెక్కినవి. ఫోన్‌లో చదివేవాళ్లు వీటిని పెద్దది చేసి చూడండి, బొమ్మల్లేని ఈ-బుక్ మాత్రం తీసుకోకండి.

సందేహాల సుబ్బి

సరే, ఒప్పుకున్నా. కానీ అంత అమ్ముడైనవాడు ప్రతి ప్రచురణకర్తతోనూ తగువే పెట్టుకున్నాడెందుకు? డబ్బు మనిషి అనిపించడం లేదా?

ఫారం16

తగువులన్నీ ఒక మూలం నుంచి వచ్చాయి. పేరు రాకముందు సంతకాలు పెట్టేశాడు. పేరు వచ్చాక అవే ఉరితాళ్లయ్యాయి.

తన తొలి పుస్తకం స్కెచెస్ బై బోజ్ హక్కుల్ని మాక్రోన్ అనే ప్రచురణకర్తకి కొద్ది డబ్బుకే ఇచ్చేశాడు. పిక్విక్ హిట్టయ్యాక మాక్రోన్ దాన్నీ నెల భాగాలుగా వేస్తానన్నాడు. ఆపడానికి చాప్‌మన్ వాళ్లు 2,000 పౌండ్లకు పైగా పోసి తిరిగి కొన్నారు. ఆలోగా బెంట్లీ అనే మరో ప్రచురణకర్తతో ఇంకో ఒప్పందం: బెంట్లీస్ మిసెలనీ పత్రికకు సంపాదకత్వం నెలకి 20 పౌండ్లకు, పైగా రెండు నవలలు చెరి 500 పౌండ్లకు. 1837లో నెలల తరబడి పిక్విక్ ఒక పక్క, ఆలివర్ ట్విస్ట్ ఒక పక్క, ఒకే నెలలో రెండూ రాశాడు. బెంట్లీ నుంచి బయటపడటానికి 1840లో 2,250 పౌండ్లు కట్టాల్సి వచ్చింది. ఆ డబ్బు కూడా చాప్‌మన్ వాళ్ల దగ్గర తెచ్చిందే.

చజిల్‌విట్ దగ్గర ఆ చాప్‌మన్ వాళ్లతోనే చెడింది. అమ్మకం 20,000 దగ్గర ఆగిపోయింది. ఖర్చులకు చాలినంత రాకపోతే నెలకి 50 పౌండ్లు కోసుకోవచ్చని ఒప్పందంలో ఒక ముక్క ఉంది. విలియమ్ హాల్ ఆ ముక్క గుర్తుచేశాడు. అంతే. 1844లో అచ్చు యంత్రాల యజమానులైన బ్రాడ్‌బరీ అండ్ ఎవాన్స్ దగ్గరికి వెళ్లిపోయాడు. వాళ్లు 2,800 పౌండ్లు అడ్వాన్సు ఇచ్చి, ఎనిమిదేళ్లపాటు ఏం రాసినా నాలుగో వంతు తీసుకున్నారు.

సశేషం

మధ్యలో క్రిస్మస్ కరోల్ ముచ్చట వదిలేశారే. 1843 డిసెంబరు 19న వచ్చింది, క్రిస్మస్ ముందురోజుకి 6,000 ప్రతులూ చెల్లిపోయాయి. వెయ్యి పౌండ్లు వస్తాయనుకున్నాడు, చేతికొచ్చింది 230. ఎందుకంటే ఖర్చు తన లెక్కలో పెట్టించుకుని, గుడ్డ బైండింగ్, బంగారు అంచులు, చేత్తో రంగులద్దిన నాలుగు బొమ్మలు చేయించి, వెల 5 షిల్లింగులే పెట్టించాడు. పుస్తకం ఎంత ముచ్చటగా ఉంటే రచయితకు అంత తక్కువ మిగిలింది.

గోరుచుట్టు మీద రోకటిపోటు ఇంకోటి. పార్లీస్ ఇల్యూమినేటెడ్ లైబ్రరీ అనే చవక పత్రిక ఆ కథని మార్చి వేసేసింది. డికెన్స్ చాన్సరీ కోర్టుకెళ్లి గెలిచాడు. ఓడినవాళ్లు దివాలా ఎత్తారు. గెలిచిన డికెన్స్ ఖర్చులకింద సుమారు 700 పౌండ్లు పోగొట్టుకున్నాడు. ఎనిమిదేళ్ల తరవాత ఏ కోర్టు మీద బ్లీక్ హౌస్ రాశాడో వేరే చెప్పాలా?

అమెరికాలో అయితే కోర్టుకెళ్లే దారే లేదు. విదేశీ రచయితలకు అక్కడ కాపీరైట్ వచ్చింది 1891లో, ఆయన పోయిన 21 ఏళ్లకి. 1842లో అక్కడికి వెళ్లినప్పుడు విందుల్లో ఈ మాట ఎత్తితే అక్కడి పత్రికలు దుమ్మెత్తిపోశాయి.

గోరింటాకు

వారం వారం రాసినవాటి సంగతి? హార్డ్ టైమ్స్, గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్ అంత బిగుతుగా ఉండటానికి కారణం అదేనా?

ఫారం16

అవును. తన సొంత వారపత్రిక హౌస్‌హోల్డ్ వర్డ్స్‌లో (1850లో మొదలు, రెండు పెన్నీలు) 1854లో హార్డ్ టైమ్స్ వేసేముందు ఆయన రాసుకున్న లెక్క ఉంది. బ్లీక్ హౌస్ 16 పేజీలు పత్రికలో పదింబావు పేజీలవుతాయి. తన దస్తూరీ 15 కాగితాలు బ్లీక్ హౌస్ ఒక ఫారం. వారానికి పత్రికలో ఐదు పేజీల కథ కావాలి కాబట్టి తన కాగితాలు ఏడున్నర. నెలకి 30 కాగితాలు పరుచుకునే చెయ్యి వారానికి ఏడున్నరలో తిరగాలి. ఊపిరాడటం లేదని మిత్రుడు ఫార్‌స్టర్‌కి మొరపెట్టుకున్నాడు. నా మటుకు హార్డ్ టైమ్స్ ఆ ఇరుకులో నలిగింది, గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్ మాత్రం అదే ఇరుకులో రాటుతేలింది.

ఆ రెండోది అసలు వారానికి అనుకున్నదే కాదు, 20 నెలల భాగాలుగా అనుకున్నాడు. 1860లో తన తరవాతి వారపత్రిక ఆల్ ది ఇయర్ రౌండ్‌లో చార్లెస్ లీవర్ సీరియల్ తేలిపోయి అమ్మకం జారుతుంటే, పత్రికను కాపాడటానికి తన నవలను అందులోకి దించాడు. డిసెంబరు 1 నుంచి 1861 ఆగస్టు 3 దాకా 36 వారాలు. ముగింపు కూడా చివర్లో మిత్రుడైన నవలాకారుడు బుల్వర్-లిట్టన్ మాట విని మార్చాడు.

అనసూయ_బి

కాగితప్పులి గారు అడిగిన అసలు జాబితా ఎవరూ ఇవ్వలేదు. బ్లీక్ హౌస్, 1852 మార్చి నుంచి 1853 సెప్టెంబరు:

1వ భాగం 1–4 అధ్యాయాలు, 2వది 5–7, 3వది 8–10, 4వది 11–13, 5వది 14–16, 6వది 17–19, 7వది 20–22, 8వది 23–25, 9వది 26–29, 10వది 30–32, 11వది 33–35, 12వది 36–38, 13వది 39–42, 14వది 43–46, 15వది 47–49, 16వది 50–53, 17వది 54–56, 18వది 57–59, చివరి జంట భాగం 60–67.

నిమిషానికి 200 మాటలు చదివేవారికి ఒక భాగం గంటన్నర. నెలకొకటి అక్కర్లేదు, వారానికొకటి చాలు. కానీ ఒక భాగం అయ్యాక ఆపండి. రెండు భాగాలు కలిపేస్తే ఆ ముడి బిగువు పోతుంది.

చాలామంది పుస్తకం వదిలేసేది 2, 3 భాగాల దగ్గర. కొత్త మనుషులు దిగుతూనే ఉంటారు, ఒకరికొకరికి సంబంధం కనపడదు. ఒక కాగితం మీద పేర్లు రాసుకుంటూ పోండి. ఇంకోటి, కథ చెప్పే గొంతులు రెండు: 34 అధ్యాయాలు ఎవరో తెలియని కథకుడు వర్తమాన కాలంలో చెబుతాడు, 33 ఎస్తర్ తన మాటల్లో గతంగా చెబుతుంది. గొంతు మారినప్పుడల్లా కంగారుపడకండి. రెండో అధ్యాయంలో లేడీ డెడ్‌లాక్ ఒక దస్తావేజు మీది చేతిరాత చూసి సొమ్మసిల్లుతుంది. ఆ చేతిరాత ఎవరిది అన్న ప్రశ్న పట్టుకుంటే చాలు, మిగతాది అదే లాక్కుపోతుంది.

10వ భాగం చివర, అంటే సరిగ్గా సగం దగ్గర, ఒక మనిషి తనంతట తానే కాలి బూడిదవుతాడు. విమర్శకుడు జి.హెచ్. లూయిస్ ఇది శాస్త్రానికి విరుద్ధమని పత్రికలో ఎండగట్టాడు. డికెన్స్ తగ్గలేదు, తరవాతి భాగం కథలోనే పాత కేసులు ఉదహరిస్తూ విసుర్లు విసిరాడు, చివర ముందుమాటలోనూ వాదించాడు. శాస్త్రం వరకు లూయిస్‌దే ఒప్పు. కానీ నెల నెలా పాఠకుడితో, విమర్శకుడితో మాట్లాడుతూ నవల నడిచిందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

వెండిగిన్నె

డికెన్స్ తండ్రిని జైల్లో వేస్తే పిల్లాడు బూట్‌పాలిష్ ఫ్యాక్టరీకి వెళ్లాడు, ఆ బాధే ఇదంతా అని ప్రతి వ్యాసంలోనూ చదువుతాం. అది కూడా ఇలాంటి కట్టుకథేనా?

సశేషం

కట్టుకథ కాదు, వరస తప్పు. 1824 ఫిబ్రవరిలో 12 ఏళ్లు నిండిన రెండు రోజులకే పనిలో చేరాడు. హంగర్‌ఫర్డ్ రేవు దగ్గర వారెన్స్ బ్లాకింగ్, ఇప్పుడు చేరింగ్ క్రాస్ స్టేషన్ ఉన్న వైపు. పాలిష్ జాడీలకు కాగితం మూతలు కట్టి, చీటీలు అంటించడం, వారానికి 6 షిల్లింగులు. తండ్రి అరెస్టయింది ఆ తరవాత, ఫిబ్రవరి 20న, ఒక రొట్టెల వ్యాపారికి కట్టాల్సిన 40 పౌండ్ల 10 షిల్లింగుల బాకీకి. మార్షల్సీ జైలు నుంచి మే 28న బయటపడ్డాడు. తండ్రి వచ్చాక కూడా పని వెంటనే ఆగలేదు, చివరికి మానిపించినా తల్లి తిరిగి పంపాలనే చూసింది. ఆ ఒక్కటి ఆయన మర్చిపోలేదు. ఆయన బతికుండగా పాఠకులెవరికీ ఈ సంగతి తెలియదు. పోయాక ఫార్‌స్టర్ రాసిన జీవితచరిత్రలోనే బయటపడింది.

రాతకి మాత్రం అంతకన్నా పనికొచ్చింది గర్నీ షార్ట్‌హ్యాండ్. లాయరు గుమాస్తాగిరీ వదిలి, అది నేర్చుకుని పార్లమెంటు విలేకరి అయ్యాడు. గడువు అంటే ఏమిటో అక్కడ నేర్చుకున్నాడు.

గోరింటాకు

తండ్రి అప్పుల రోగం కొడుకులకీ దిగింది. ఇండియాతో ఆయనకున్న సంబంధం అదే. నాలుగో సంతానం వాల్టర్‌ని 1857లో ఈస్టిండియా కంపెనీ సైన్యంలోకి పంపాడు. 22 ఏళ్లకి, 1863 డిసెంబరు 31న కలకత్తాలో పోయాడు. కబురు తండ్రికి చేరింది ఫిబ్రవరి 7న, సరిగ్గా పుట్టినరోజున. వెనకే బాకీల చిట్టాలు వచ్చాయి.

ఫారం16

ఈ బాధ్యతలే ఆయన్ని వేదిక ఎక్కించాయి అనొచ్చు, అవే కాకపోయినా. 1858లో కేథరిన్‌తో విడిపోయిన ఏడాదే డబ్బు పుచ్చుకుని తన కథలు చదివే సభలు మొదలుపెట్టాడు. మొత్తం 470 దాకా చేశాడు. పెద్ద ఏర్పాటు ఉండేది: నడుం ఎత్తు బల్ల, దాని మీద మోచెయ్యి ఆనించే దిమ్మ, తల మీదుగా గ్యాస్ దీపాల వరస, వాటికి వేరే మనిషి. చదివే ప్రతుల అంచుల్లో గొంతు ఎక్కడ దించాలో, ఎక్కడ బల్ల చరచాలో రాసుకునేవాడు. 1867–68 అమెరికా యాత్రలో 76 సభలకు సుమారు 19,000 పౌండ్లు మిగిలాయి. ఏ నవలా అంత తొందరగా అంత ఇవ్వలేదు. 1869 జనవరి నుంచి ఆలివర్ ట్విస్ట్‌లోని నాన్సీ హత్య ఘట్టం చదవడం మొదలుపెట్టాక నాడి 72 నుంచి 110 దాటేది. డాక్టరు రాసుకున్నాడు. ఏప్రిల్‌లో ప్రెస్టన్‌లో సభ రద్దు చేయించిందీ ఆ డాక్టరే.

సందేహాల సుబ్బి

మధ్యలో ఆగిపోయిన ఆ ఎడ్విన్ డ్రూడ్ ఎన్ని భాగాలు వచ్చింది? ఎవరు హంతకుడో రాసిపెట్టుకున్న కాగితం దొరకలేదా?

అనసూయ_బి

12 భాగాలకు ఒప్పందం, 25,000 ప్రతుల వరకు 7,500 పౌండ్లు, ఆపైన లాభంలో సగం. ఈ ఒక్క ఒప్పందంలోనే, రచయిత మధ్యలో చనిపోతే ఎంత తిరిగివ్వాలో మధ్యవర్తి తేల్చాలి అన్న షరతు ఉంది. అది పెట్టమన్నది డికెన్సే.

1870 జూన్ 8న తన ఇల్లు గాడ్స్ హిల్ తోటలోని చెక్క ఇంట్లో ఆరో భాగం రాసి, సాయంత్రం భోజనం దగ్గర పడిపోయాడు. మర్నాడు 58 ఏళ్లకు పోయాడు. స్టేపుల్‌హర్స్ట్ రైలు ప్రమాదం నుంచి బయటపడింది ఐదేళ్ల కిందట అదే జూన్ 9న. అప్పటికి మూడు భాగాలే బజార్లో ఉన్నాయి. మిగతా మూడూ రాతప్రతి నుంచి వేశారు. ఆరోది 32 పేజీలకు రెండు పేజీలు తక్కువ. నింపడానికి ఎవరూ పూనుకోలేదు.

ప్రణాళిక కాగితాలు ఉన్నాయి, ఏడో భాగం నుంచి పైన అంకె, కింద ఖాళీ.

వెండిగిన్నె

చివరగా ఒకటి. పిక్విక్ 1837 ప్రతి అని పాత పుస్తకాల సైట్లలో అమ్ముతుంటారు. తొలి ముద్రణ అని ఎలా గుర్తుపట్టాలి?

గోరింటాకు

పేజీ మీద 1837 అని ఉన్నంత మాత్రాన కాదు. ఏళ్ల తరబడి అవే పలకలతో అచ్చు వేశారు. మొదట చూడాల్సింది బొమ్మ ఉన్న ముఖపత్రం: సత్రం బోర్డు మీద పేరు Weller అని కాకుండా V అక్షరంతో Veller అని ఉంటే ముందు విడత, W ఉంటే పలక మార్చాక. తరవాత మూడో భాగం బొమ్మలు రెండూ బస్ వేసినవేనా అని చూడండి. ఫిజ్ వాటిని తీసేసి వేరే చెక్కాడు కాబట్టి బస్ బొమ్మలున్నవి తక్కువ. విడి భాగాలుగా అమ్మితే పచ్చ అట్టలు, ప్రకటనల కాగితాలు పూర్తిగా ఉన్నాయా అన్నది ముఖ్యం. బైండు చేసినప్పుడు అవి చించి పారేసేవారు. ఫొటోలో ఈ మూడూ చూపించకపోతే అడగండి, చూపించనంటే వదిలేయండి.